ఓటరు దేవుళ్లకు ఎనిమిదో తరగతి దండం

బడి నాయకుడి ఎన్నికొస్తే చాలు, ఎనిమిదో తరగతి పిల్లాడు మైకు ముందు నిలబడి, మూడు దిక్కులా దండం పెట్టి, 'నన్ను గెలిపిస్తే ఈ బడి రూపురేఖలే మార్చేస్తా' అంటాడు. ప్రసంగం నాన్న రాసిచ్చింది, చెయ్యి ఊపడం యూట్యూబ్ నేర్పింది. గెలిస్తే దక్కే అధికారమల్లా ప్రార్థన వేళ 'అటెన్షన్' అని అరవడం, సారు వచ్చేలోపు అల్లరోళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. దానికి ఇంత వాగ్ధాటి! ఒప్పించే మాటకు మాట్లాడేవాడి నడత, వినేవాడి మనసు, విషయంలోని తర్కం అని అరిస్టాటిల్ మూడు ఆధారాలు చెప్పాడు. మనవాళ్లు నడతను ఇస్త్రీ చొక్కాతోనూ, మనసును చప్పట్లతోనూ సరిపెట్టేశారు. తర్కం సిలబస్‌లో లేదు.

ఉపన్యాసంతోనే ఓట్లు రాలతాయని నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు చెప్పడం మరీ విడ్డూరం. 1991 ఉప ఎన్నికలో నంద్యాల నుంచి ప్రధాని పి.వి. నరసింహారావు 5.8 లక్షల మెజారిటీతో గెలిచారు. ఆయన ఎన్ని భాషల పండితుడైనా, తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీయే పెట్టకపోవడం ఆ అంకెలో పెద్ద వాటా. 2014 ఆళ్లగడ్డ ఉప ఎన్నిక ఏకగ్రీవం. పోలింగే లేదు, ఇక ప్రసంగాలకు పనేముంది? 2017 నంద్యాల ఉప ఎన్నికలో జగన్ రోజుల తరబడి మకాం వేసి మాట్లాడారు. ఓడింది ఆయన పార్టీయే. పోనీ, కాలేజీకెళ్లాక పనికొస్తుందనుకుందామా అంటే, మన రాష్ట్ర కాలేజీల్లో విద్యార్థి సంఘం ఎన్నికలు అటకెక్కి దశాబ్దాలైంది. 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ అభ్యర్థి ఖర్చుకు 5,000 రూపాయల హద్దు పెట్టింది, అచ్చు పోస్టర్లు వద్దంది. గొప్పలకు మాత్రం హద్దు పెట్టలేదు. పెట్టినా మనకు ఒరిగేదేముంది, ఎన్నికే లేనప్పుడు?

'పోనీలెండి, పిల్లలకు స్టేజీ భయమైనా పోతుంది కదా' అంటారు. నిజమే, పోవాలి కూడా. నోరు విప్పడం తెలియని పిల్లాడు రేపు మండలాఫీసులో అర్జీ పట్టుకుని నీళ్లు నములుతాడు. కానీ బట్టీపట్టింది అప్పజెబితే పోయేది భయం ఒక్కటే కాదు, సిగ్గు కూడా. అదే మన ఆళ్లగడ్డ శిల్పిని చూడండి, విగ్రహం అమ్మడానికి ఉపన్యాసం ఇవ్వడు. కొనేవాడు చుట్టూ తిరిగి, ముక్కు తీరు చూసి, వేళ్ల సందులు తడిమి, వంక పెట్టి బేరమాడతాడు. ఓటరుకూ ఆ తడిమి చూసే హక్కుండాలి. అప్పుడు ఇలా అడగొచ్చు: ఆడపిల్లల బాత్‌రూము తలుపుకి గొళ్లెం లేదు. ఎప్పటికి పెట్టిస్తావు, ఎవరిని అడుగుతావు, కాదంటే ఏం చేస్తావు? రూపురేఖలు మార్చేస్తానన్న నోటికి ఈ మూడూ గుటక పడనివ్వవు.

అయ్యా హెడ్మాస్టర్లూ, ఈసారి ప్రసంగానికిచ్చే ఐదు నిమిషాల్లో ఒక్కటి అభ్యర్థికిచ్చి, నాలుగు ప్రశ్నలకివ్వండి. మొదటి ప్రశ్న ఆరో తరగతి వెనక బెంచీ నుంచి రానివ్వండి.