ఒక్క డాలరునకు అమ్ముడుపోయిన నేను

నా ఎత్తు 138 మీటర్లు. ఒక్క పట్టున నేను పైకెత్తగల బరువు 1500 టన్నులు. 2002వ సంవత్సరమున నాకు పలికిన వెల ఒక్క అమెరికా డాలరు. ఈ మూడు సంఖ్యలలో మొదటి రెండింటిని ఇంజనీర్లు మాత్రమే జ్ఞాపకముంచుకొనిరి, మూడవదానిని లోకమంతయు కంఠస్థము చేసినది. వెల తక్కువైనందుకు నాకు చిన్నతనమేమియు లేదు. నన్ను విడివిడిగ విప్పి, ఓడపై కెక్కించి, ఐరోపా ఉత్తరభాగము నుండి ఆసియా తూర్పుటంచు వఱకు తరలించి, తిరిగి నిలువబెట్టుటకైన వ్యయమంతయు కొన్నవారే భరించిరి; అమ్మినవారికి నేను తొలగిపోవుటయే లాభము.

స్వీడను దేశపు దక్షిణపు కొనను, ఓరెసుండ్ జలసంధి యొడ్డున నున్న మాల్మో నగరమున, కోకుమ్స్ ఓడల కర్మాగారములో, 1973-74 సంవత్సరముల నడుమ క్రేన్‌గ నేను లేచి నిలిచితిని. ఫ్రాన్స్ హెన్రిక్ కోకుమ్ అను నాతడు 1840లో స్థాపించిన యంత్రశాల క్రమక్రమముగ ఓడలు కట్టుట నేర్చి, గడచిన శతాబ్దపు మధ్యకాలమునకు ప్రపంచములోని అతి పెద్ద ఓడల కర్మాగారములలో నొకటి యని పేరు గాంచినది. అది నిలిచిన పశ్చిమరేవు నేల సయితము ప్రకృతి యిచ్చినది కాదు. సముద్రమును పూడ్చి మనుష్యులు సంపాదించుకొన్న భూమి. మాల్మోకు ఆ నేలపై నున్న ధీమా అంతయు అందుండియే వచ్చినదని నా యభిప్రాయము. సముద్రమును నేల చేసినవారికి ఆ నేలను మఱియొకటిగ మార్చుట ఎంతటి పని?

నా వృత్తిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను, ఏలయన చూచువారందఱును నా యెత్తును చూతురు గాని పనిని చూడరు. ఓడను అడుగు నుండి పైవఱకు ఒకేచోట పేర్చుకొని వచ్చు కాలము నేను పుట్టునప్పటికే గతించినది. పెద్ద పెద్ద షెడ్లలో ఓడ శరీరమును ఖండములుగ వెల్డింగు చేసి, ఒక్కొక్క ఖండమును నా కొక్కెములకు తగిలించి డాక్‌లోనికి దింపి, పక్క ఖండముతో అతుకుదురు. ఖండము నేల విడిచి బెత్తెడు లేచినంతనే ఆగవలెను. ఆ క్షణమున ఉక్కుతాళ్ళు బరువును పంచుకొనుచు కిఱ్ఱుమనును. క్రింద నిలిచిన సైగల మనిషి చేయి అడ్డముగ చాచి, నాలుగు మూలలును పరికించి, తిరిగి చూపుడువ్రేలు పైకెత్తి గుండ్రముగ త్రిప్పినగాని నేను కదలరాదు. నా రెండు కాళ్ళలో ఒకటి బిగిసినది, రెండవది బందుపై ఆడునది. వేసవిలో నా అడ్డదూలము కొంత సాగును, చలికి ముడుచుకొనును. కాళ్ళు రెండును బిగిసియే యున్నచో ఆ సాగుబాటు పోయి పట్టాలపై పడును. కావున ఎంత నిటారుగ కనిపించినను, ఎండ వేళ కొలదిగ ఒక కాలు వంచియే నేను నిలుతును.

నా ముహూర్తము మంచిది కాదు. లక్షల టన్నుల చమురు మోయు మహానౌకల కొఱకు నన్ను కట్టుచుండగనే, 1973 అక్టోబరున పశ్చిమాసియాలో యుద్ధము వచ్చి, అరబ్బు దేశములు చమురు బిగబట్టి, ధర ఒక్కసారిగ మిన్నంటినది. చమురే కదలనిచో చమురు ఓడ లెవనికి కావలయును? ఇక జపాను, కొరియా దేశములలో అదే ఓడను తక్కువ వెలకు కట్టుచుండిరి. ప్రభుత్వము కర్మాగారమును తన చేతిలోనికి తీసికొని కొంతకాలము నడపి చూచినది. తుదకు 1986లో వర్తకనౌకల నిర్మాణమునకు స్వస్తి చెప్పుటకు నిశ్చయమైనది; జలాంతర్గాముల పని మాత్రము మిగిలినది, దానికి నావంటి పొడవరితో పని లేదు.

ఇచ్చట నా కథ చెప్పువారందఱును ఒక గంతు వేయుదురు. ఓడలు పోయినవి, సుందరనగరము వచ్చినది అని రెండు వాక్యములలో ముగింతురు. ఆ రెండు వాక్యముల నడుమ పదునైదేండ్లు కలవు, ఆ పదునైదేండ్లును ఒక్కసారి తప్ప పనిలేక పట్టాలపై నిలిచి చూచినదానను నేను. ఓడల షెడ్లలో ఒక కార్ల కర్మాగారము ఆర్భాటముతో 1989లో తెఱువబడినది, ప్రభుత్వము ధనసాహాయ్యము చేసినది, పనివారు వెల్డింగు తుపాకులు దించి కార్ల తలుపులు బిగించుట నేర్చిరి. 1991లో అదియు మూతపడినది. ఒకే చోట ఐదేండ్లలో రెండుమార్లు ఉద్యోగము పోగొట్టుకొన్నవారు అందు కలరు. అటుపిమ్మట దేశమంతట ఆర్థికమాంద్యము వ్యాపించినది. డెన్మార్కు దేశపు ఓడల కంపెనీ యొకటి నన్ను కొనుటకు ఒడంబడిక చేసికొని, తీసికొనిపోకమునుపే తానే దివాలా తీసినది. అమ్ముడుపోయియు కదలక, కొన్నవాడు లేక, పనిలేక, నగరమునకు చిహ్నముగ మాత్రము నేను నిలిచితిని. తపాలా కార్డులపై నా బొమ్మ అచ్చువేయుచుండిరి. పని యున్న కాలమున నా ఫొటో తీసినవారిని నేను అంతగ చూడలేదు.

ఈ కాలముననే, 1994లో, ఇల్మర్ రీపాలు అను నాతడు నగర పాలకుల అధ్యక్షుడయ్యెను. ఆయన విద్యచేత వాస్తుశిల్పి. ఇటుపై కర్మాగారముల కొఱకు ఎదురుచూచుట వ్యర్థమని నగరము నిశ్చయించుకొన్నది. డెన్మార్కునకు వంతెన, రేవు చెంత విశ్వవిద్యాలయము, పశ్చిమరేవున క్రొత్తపేట అను మూడింటిపై ఆశ పెట్టుకొన్నది. అందు మొదటిదానికి నేను కూడ చేయి వేసితిని. 1997లో ఓరెసుండ్ వంతెన యొక్క ఎత్తైన స్తంభముల పునాదులకు కావలసిన భాగములను ఎత్తిపెట్టుటకు నన్ను మేలుకొలిపిరి. మాల్మోలో అదే నా కడపటి పని. 1998లో విశ్వవిద్యాలయము వెలసినది. 2000 జులై 1వ తేదీన వంతెన తెఱచిరి. 7845 మీటర్ల పొడవున రైళ్ళును కార్లును సముద్రముపై పరుగెత్తి, ఒక కృత్రిమ ద్వీపముపై దిగి, అచ్చటినుండి సొరంగములో దూరి కోపెన్‌హేగెన్ చేరును. అచ్చట ఉద్యోగము, ఇచ్చట కాపురము అను జీవితము సాధ్యమైనది. ఓడలకు కాలము చెల్లిన ఊరికి క్రొత్త దారి వేయుటలో నా కొక్కెములకు కూడ పాలున్నదని చెప్పుకొనుటలో నాకు సంకోచము లేదు.

2001 వేసవిలో నా కన్నుల యెదుటనే బూ-01 అను గృహప్రదర్శనము తెఱచిరి. అనగా బొమ్మలు పెట్టి చూపు ప్రదర్శనము కాదు. మనుష్యులు నిజముగ నివసింపవలసిన పేటను కట్టి, రండు చూడుడని లోకమును పిలుచుట. క్లాస్ థామ్ అను వాస్తుశిల్పి దానికి రూపకర్త. సముద్రముఖమున ఎత్తైన ఇండ్లను గోడవలె నిలిపి పడమటి గాలి నడ్డగించి, వాని వెనుక చిన్న యిండ్లను, సందులను, చౌకములను వంకర వంకరగ అమర్చెను. తిన్నని వీధి యైనచో గాలి తుదివఱకు పరుగెత్తును, వంకరసందులో దారితప్పును. కర్మాగారపు నూనెలతోను లోహములతోను చెడిన మన్నును ముందుగ శుద్ధిచేయవలసి వచ్చినది. వాననీటిని భూమిలోపలి గొట్టములకు పంపక, ఇండ్ల ముంగిట రాతికాలువలలో పాఱించి చెఱువులకు చేర్చిరి. సున్నపురాతి పొరలలో వేసవి వేడిమిని దాచి చలికాలమున పైకి తోడుకొనుట, గాలిమర, సూర్యఫలకములు, ఈ మూడింటితో పేటకు కావలసిన శక్తినంతయు సంపాదించుట వారి సంకల్పము. పెరటిలో గూటిపెట్టెలు, కప్పలకు తావు, తీగలల్లిన గోడలు మున్నగువాని పట్టికనిచ్చి, అందు కొన్నింటినైన చేసితీరవలెనని ఇండ్లు కట్టువారికి నియమము పెట్టిరి. ఇనుపతుప్పు తప్ప వేఱు పంట ఎఱుగని నేలపై కప్పలకు స్థలము కేటాయించుట చూచి నాకు నవ్వు వచ్చిన మాట నిజమే గాని, ఆ నవ్వులో వెక్కిరింత లేదు.

ఒక్క మాట మాత్రము చెప్పక తప్పదు. ఆ సముద్రముఖపు ఇండ్లు వెల్డింగు పనివాని జీతమునకు అందునవి కావు. అయినను తీరము వెంబడి కట్టిన కొయ్యమెట్లు ఎవరి సొత్తును కావు. ఎండ కాసిన దినమున ఊరి నలుమూలల జనము వచ్చి అచ్చట కూర్చుండి, సముద్రములో దుమికి, ఒడలార్చుకొందురు. మా దినములలో కర్మాగారపు ప్రహరీ దాటి ఆ నీటిని చూచినవారు పనివారు తప్ప లేరు. ఈ రెండు సంగతులను ఒకే తక్కెడలో వేసి తీర్పు చెప్పుమన్నచో నేను చెప్పను; బరువులు తూచుట నాకు వచ్చును గాని ఇవి ఆ జాతి బరువులు కావు.

2002 వేసవిలో నన్ను విప్పిరి. సెప్టెంబరులో, ఓడపై పరుండి నేను వెడలిపోవుచుండగా, ఒడ్డున నిలిచి కన్నీరు పెట్టినవారు కలరందురు. అందుచే నన్ను కొన్న కొరియావారు నాకు ‘మాల్మో కన్నీరు’ అని పేరు పెట్టిరి. నేను కదలునప్పటికే పశ్చిమరేవున మఱియొక పొడవరికి పునాది పడియుండెను: సాంటియాగో కలత్రావా రచించిన టర్నింగ్ టోర్సో. 190 మీటర్లు, 54 అంతస్తులు, అడుగు నుండి కొన వఱకు 90 డిగ్రీలు మెలితిరిగిన తెల్లని సౌధము. 2005లో అది పూర్తి యైనది. ఊరికి గుర్తుగ నా చోట అది నిలిచినదందురు. నాకంటె ఎత్తైన మాట ఒప్పుకొందును. కాని అది దేనినైన ఎత్తగలదా యని అడుగుట క్రేన్ జాతికి సహజము. నా వెనుక ఓడల జారుడుమెట్ట చెంత పిల్లలు చక్రాల పలకలపై జారుటకు కాంక్రీటు వనము కట్టిరని, డాక్ చుట్టును ఇండ్లు లేచినవని, పాత ఇటుకలను ఏఱి క్రొత్త గోడలలో కూర్చుచున్నారని ఓడలవారి వలన వినుచుందును.

నేను చేరిన చోటు కొరియాలోని ఉల్సాన్, హ్యుందయ్ వారి ఓడల కర్మాగారము. దాని స్థాపకుడు చుంగ్ జు-యుంగ్, కర్మాగారము లేకమునుపే ఇంగ్లండునకు పోయి, 500 వాన్ల నోటుపై నున్న తాబేటి ఓడ బొమ్మను చూపి, మావారు శతాబ్దముల క్రిందటనే ఇనుపకవచపు ఓడలు కట్టిరని చెప్పి అప్పునకు దారి చేసికొనెనని ఇచ్చట కథగ చెప్పుకొందురు. 1972లో పని మొదలుపెట్టి, డాక్‌ను ఓడను ఏకకాలమున కట్టి, 1974లో తొలి మహానౌకను నీట దింపిరి. అనగా నేనును, నన్ను పనిలేనిదానిగ చేసిన కర్మాగారమును ఒకే యీడువారము.

2015-16 సంవత్సరములలో ఇచ్చటను ఓడల బేరములు తగ్గి, వేలకొలది పనివారు తొలగింపబడిరి. అప్పుడు పత్రికలన్నియు నా పేరు తలచి, ఇది మనకును వచ్చునా యని భయపడెను. 2016లో కొరియాలోని మాసాన్ రేవున నున్న 700 టన్నుల క్రేన్ ఒకటి రుమేనియాకు అమ్ముడుపోయినది. రేవు నగరముల పెద్దలు మాల్మో పోయి, క్రొత్తపేట చూచి, ఇది ఎట్లు చేసితిరని అడిగి వ్రాసికొని వచ్చుచున్నారు. ఎట్లు అని కాక, నడిమి పదునైదేండ్లు ఏమి తింటిరని అడుగవలసినది. ఆ మాసాన్ క్రేన్‌ను తలచినచో నాకు దిగులు కలుగదు. రుమేనియాలో భాష తెలియదే యని అది బెంగపెట్టుకొన పనిలేదు. ఉల్సాన్‌లో నేను అడుగుపెట్టిన తొలినాడు నాకు కొరియా భాషలో ఒక్క ముక్కయు రాదు. క్రింద నిలిచిన మనిషి చేయి అడ్డముగ చాచి, నాలుగు మూలలును పరికించి, చూపుడువ్రేలు త్రిప్పెను, నేను ఎత్తితిని.