నాన్న కోచ్, కూతురు పిచర్

అమెరికాలో అమ్మాయిల సాఫ్ట్‌బాల్ సీజన్ వచ్చిందంటే పేరెంట్స్‌లో రెండు పార్టీలు లేస్తాయి. టీమ్‌ను నాన్నలకు అప్పగించాలా, ఒకప్పుడు కాలేజీలో ఆడినవాళ్లకా అని పేచీ. నాన్నల అర్హత ఒక్కటే: కూతురు. పాపం, ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, పైసా తీసుకోకుండా ఎండలో నిలబడతారు, కాదనలేం. ప్రతిఫలంగా వాళ్లమ్మాయి బంతి విసిరే పిచర్ అవుతుంది, కాకపోతే బంతి తరచూ వచ్చే షార్ట్‌స్టాప్. బంతి అరుదుగా వచ్చే రైట్ ఫీల్డ్‌లో నిలబడి గడ్డి పీక్కునే భాగ్యం ఎప్పుడూ ఎదురింటి పిల్లదే. దీనికి అక్కడివాళ్లు ‘డాడీ బాల్’ అని పేరే పెట్టుకున్నారు. ఎన్నికల్లో వారసులకు టిక్కెట్లిచ్చే పద్ధతి ఎరిగిన మనకు వేరే వివరణ అక్కర్లేదు.

మాజీ క్రీడాకారిణుల తరఫు వాదనలో పస ఉంది. ఈ ఆటలో పిచర్ బంతిని భుజం పైనుంచి విసరదు. చెయ్యి గుండ్రంగా ఒక చుట్టు తిరిగొచ్చి, తుంటి దగ్గర బంతిని వదలాలి. వీడియోలు చూసి నేర్పే నాన్న చేతిలో పిల్ల భుజం పాడైనా ఆశ్చర్యం లేదు. అయితే ఆ విద్య కోసం వారానికో గంట పిచింగ్ టీచర్‌ను పెట్టుకుంటే సరిపోయేదానికి, టీమ్ మొత్తం రాసివ్వాలనడం ఏం లెక్క? ఒంటికి పట్టేసిన పనిని మాటల్లో విడమరిచి చెప్పడం ఆడినవాళ్లకే కష్టం. పదేళ్ల పిల్ల తడబడితే ‘ఇది కూడా రాదా’ అనే మాటే ముందొస్తుంది. మరోపక్క కోచ్ మైక్ కాండ్రియా ఉన్నాడు. ఆయన ఆడింది బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కాదు. అరిజోనా యూనివర్సిటీ సాఫ్ట్‌బాల్ టీమ్‌కు 8 జాతీయ టైటిళ్లు, 2004 ఏథెన్స్‌లో అమెరికాకు ఒలింపిక్ స్వర్ణం సాధించిపెట్టాడు. ఆడిన అనుభవమే కొలబద్ద అయితే ఆయనకు ఇంటర్వ్యూకు కూడా పిలుపు వచ్చేది కాదు.

ఇంతకీ నేర్పడం ఎవరు నేర్చుకున్నారన్న ప్రశ్న రెండు పార్టీలకూ ఇష్టం లేదు. సైకాలజిస్టులు బార్నెట్, స్మోల్, స్మిత్ దాన్నే పట్టుకుని 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లల బేస్‌బాల్ లీగ్ కోచ్‌లలో కొందరికి సీజన్‌కు ముందు ఒక పూట శిక్షణ ఇచ్చారు. ప్రయత్నాన్ని మెచ్చుకోండి, తప్పు చేస్తే కసరకుండా ఎలా చెయ్యాలో చెప్పండి అన్నదే అందులో సారం. శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడినవారిలో 26 శాతం మంది మరుసటి ఏడాది ఆట మానేశారు. శిక్షణ పొందినవారి దగ్గర 5 శాతమే. గెలుపోటములు రెండువైపులా ఇంచుమించు సమానం కాబట్టి, గెలిచే టీమ్‌ను పిల్లలు వదలరులే అనే సాకూ చెల్లదు. అది చిన్న బంతితో ఆడే అబ్బాయిల బేస్‌బాల్ కదా అనొచ్చు. నలుగురిలో తిట్లు తిని చిన్నబుచ్చుకోవడానికి బంతి సైజుతో పనేముంది?

ఉచితంగా వచ్చేవాళ్లకు మళ్లీ శిక్షణా అని లీగులవాళ్లు నసుగుతారు. అడిగేది ఒక్క పూట. వాళ్లమ్మాయి ఏ పొజిషన్లో ఆడాలన్న చర్చలకే అంతకంటే ఎక్కువ సమయం పోతోంది. ఇంకో తేలిక మార్గమూ ఉంది: ఏ నాన్నకైనా కూతురు లేని టీమ్‌నే ఇవ్వడం. అలాగైతే ఒక్కడూ ముందుకు రాడని అడ్డుచెబుతారు. అంటే ఇన్నాళ్లూ వాళ్లు దేనికోసం వచ్చారో లీగులకు తెలిసే ఉందన్నమాట.