అల్లుడి సరుకు

తమిళనాడులోని మా చిన్నమనూరులో పెన్నీకుయిక్ దొర ఫొటో పెట్టుకున్న రైతు ఇళ్లు చాలానే ఉన్నాయి. 1895లో ఆయన ముల్లైపెరియార్ ఆనకట్ట కట్టి ఉండకపోతే మా కంబం లోయకు ఇన్ని నీళ్లెక్కడివి? మా మామ ఇంట్లో దొర పక్కనే మా తాత ఫొటో. ఖద్దరు చొక్కా, గాంధీ టోపీ. ఊళ్లో మద్యనిషేధం సభ ఎక్కడ జరిగినా ముందు వరసలో కూర్చున్న మనిషని మామ ఇప్పటికీ గొప్పగా చెబుతాడు. ఇద్దరికీ చందనపు మాలలు ఒకే కొలత.

పెద్దకూతురి కాన్పుకని లీడ్స్ వెళ్లొచ్చాక మామకు ఇంగ్లండుది ఇంకోటి మనసుకు పట్టింది. అల్లుడు ఓ సాయంత్రం పబ్బుకు తీసుకెళ్లి తిమోతి టేలర్ వాళ్ల ల్యాండ్‌లార్డ్ తాగించాడట. పళ్లు జివ్వుమనే చల్లదనం లేదు. నేలమాళిగలోని పీపా నుంచి చేతిపంపుతో లాగి పోస్తారు. ఆల్కహాలు 4.3 శాతమే. ఊరికి తిరిగొచ్చి సర్కారు మద్యం దుకాణం టాస్మాక్‌లో కొన్న బీరు ఒక గుక్క తాగి, మిగతాది జామచెట్టు మొదట్లో పారబోశాడు మామ.

మామ ముచ్చట తీర్చాలని అల్లుడు పూనుకున్నాడు. అక్కడ ఇంట్లో బీరు కాచుకోవడం ఆదివారం కాలక్షేపం. పేరున్న బీర్లకు ఇంట్లోనే నకలు ఎలా తియ్యాలో డేవ్ లైన్ అనే ఆయన 1978లోనే పుస్తకం వేశాడు. అల్లుడు గోల్డెన్ ప్రామిస్ బార్లీ మాల్ట్ తెప్పించి, 66 డిగ్రీల వేడి తగ్గకుండా గంటసేపు నీళ్లలో నాననిచ్చాడు. వంటిల్లంతా చంటిపిల్లలకు కాచే రాగిజావ వాసన కొట్టిందని మా వదిన ఫోన్లో చెప్పింది. ఆ తియ్యనీళ్లు వడగట్టి, ఫగుల్స్, గోల్డింగ్స్, స్టిరియన్ గోల్డింగ్స్ హాప్స్ పువ్వులు వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ కలిపి మెట్ల కింద దాచాడు. ఒక విడత పులిసిపోయింది, ఇంకొకటి మరీ పలచబడింది. చివరికి ఎలాగో అసలుకు దగ్గరైంది.

పొంగల్ పండక్కి నాలుగు అరలీటరు సీసాలతో దిగాడు. విమానంలో తెచ్చుకోనిచ్చేది రెండు లీటర్లే. అడుగున ఈస్ట్ మడ్డి కదలకుండా, గ్లాసు వంచి, ఊపిరి బిగబట్టి పోశాడు. రాగిచెంబు రంగు, పైన వేలెడు నురగ. మామ మూతి తుడుచుకుని వచ్చినవాళ్లందరికీ ఒకటే పాట: “మా అల్లుడు సొంతంగా కాచినాడబ్బా! కంపెనీవోడు దీని ముందర నిలవలేడు.” ఇదే పని మా వీధిలో చేస్తే 1937 నాటి మద్యనిషేధ చట్టం కింద కేసు పెడతారు. ఆ చట్టం కిందే సర్కారు వారి దుకాణం బస్టాండు పక్కన నడుస్తుందనుకోండి, అది వేరే కథ.

సరిగ్గా అప్పుడే చిన్నకూతురి సంబంధం మాట్లాడాలని మధ్యవర్తి వచ్చాడు. పిల్లవాడు మా ఊరే, మావాళ్లే. మదురైలో బ్యాంకు ఉద్యోగం. జాతకాలు కుదిరినాయి. పేరు వినగానే మామ గ్లాసు చేతిలో ఉండగానే తల అడ్డంగా ఊపాడు.

“ఎవరి మనవడో తెలుసునా? 62లో మా తోటలో సారాయి కాస్తా పట్టుబడినోడి మనవడు. మా నాయన నమ్మి తోట అప్పజెప్తే, బెల్లం, తుమ్మచెక్క ఊరేసి అరటిచెట్ల నడాన కుండ పెట్టినాడు. ఆరునెలలు మదురై జైల్లో ఉండొచ్చినాడు. సారాయి కాచిన ఇంటికి పిల్లనియ్యను.”

“అప్పుడు ఇంగ్లండులో కూడా ఇంట్లో బీరు కాయాలంటే లైసెన్సు ఉండాల్సిందే మామా. మాడ్లింగ్ అనే ఆర్థికమంత్రి 1963లో ఎత్తేశాడు” అన్నాడు అల్లుడు నవ్వుతా.

మామకు నవ్వు రాలేదు. “మీది బీరు. వాడిది సారాయి.”

కాదనలేం. పులిసిన నీళ్లను అట్లాగే తాగితే బీరు, ఆవిరి పట్టి దించితే సారాయి. మధ్యలో అడ్డం ఉన్నది ఒక కుండ, ఒక గొట్టం.

మధ్యవర్తి సంచీ సర్దుకుంటున్నాడు. లోపల మంచం మీద నుంచి మా అవ్వ కేకేసింది. “ఏందిరా ఆ సంబరం? నాకూ ఒక చుక్క పొయ్యి.”

మామ మురిసిపోయి స్టీలు లోటాలో నాలుగు గుక్కలు పోసి తానే తీసుకెళ్లాడు. మేమంతా వెనకాలే వెళ్లాం, మధ్యవర్తితో సహా. అవ్వ ఒక గుక్క నోట్లోనే పుక్కిలించి మింగింది. ఇంకో గుక్క తాగి నాలుకతో చప్పరించింది.

“ఎట్లుండాది అమ్మా?”

“బాగానే ఉండాది. అయినా మీ నాయన చెయ్యి రాలేదురా.”

మామ చేతిలోని లోటా మూత ఠంగున కింద పడింది.

“జైలుకు పోయినోడా? పాపం, వాడికి కుండ కింద మంట పెట్టేది గూడా తెలవదు.”