ఆకు మీది అమ్మగారు

పనామా కాలువ దారిలో, గాటున్ సరస్సు మధ్యన బారో కొలరాడో అనే దీవి ఉంది. అక్కడి అడవిలో ఆకుముక్కలు బారులు తీరి నడిచిపోతుంటాయి. వంగి చూస్తే ముక్క కింద ఓ ఎర్రటి చీమ. ఇంకాస్త వంగితే, కొన్ని ముక్కల పైన మరో చీమ, నలుసంత. కింద ఉన్నదానికి ఒంటి బరువుకు కొన్ని రెట్ల బరువు నోట్లో ఉంది. పైనున్నావిడకు ఏ బరువూ లేదు, ఏ తొందరా లేదు. మనకు కావలసింది ఈ పైనున్నావిడే.

ప్రతి పెళ్లింట్లోనూ ఒక మేనత్త ఉంటుంది. వంటపందిరి పక్కన కుర్చీ వేయించుకుంటుంది, గరిటె ముట్టుకోదు. "ఈవిడ చేసేదేమిటమ్మా?" అని కొత్తకోడళ్లు గొణుక్కుంటారు. ఆకు మీదావిడను చూసిన వాళ్లూ మొదట అదే గొణుగుతారు.

ఆవిడ అనడం మర్యాదకు కాదు. ఆకులు కోసే చీమల పుట్టలో పనిచేసేవాళ్లందరూ ఆడవాళ్లే, ఒక్క రాణి కడుపున పుట్టినవాళ్లే. మగవాళ్లు రెక్కలొచ్చాక పెళ్లికని ఎగిరి వెళ్తారు, పెళ్లయ్యాక చచ్చిపోతారు. ఇంటిపనుల్లో వాళ్ల ఊసే లేదు. ఇక చిన్నగా ఉంది కదా అని మన అమ్మగారిని పసిపిల్ల అనుకునేరు. చీమ ఎదిగేదంతా పురుగుగా ఉన్నప్పుడే. కాళ్లొచ్చి బయటపడ్డాక వెంట్రుకవాసి కూడా పెరగదు. అదే పుట్టలోని సైనికురాలైన అక్క బరువులో ఈవిడకు వంద రెట్లకు పైనే. అయినా ఆ అక్కని ఎవరూ ఆకు మీద ఎక్కించుకోరు.

అసలు ఈవిడ ఉద్యోగం ఇంట్లోనే. నేల కింద గదుల నిండా తోటలున్నాయి. తెచ్చిన ఆకు తినడానికి కాదు, ఎరువుకు. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ తట్టలేదు. నికరాగ్వా బంగారు గనుల్లో పనిచేసిన థామస్ బెల్ట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1874లో అచ్చయిన పుస్తకంలో దాన్ని బయటపెట్టాడు. ఇంటికొచ్చిన ముక్కను ఒక సైజు అక్కలు కత్తిరిస్తే, ఇంకా చిన్నవాళ్లు నమిలి గుజ్జు చేస్తారు, దాని మీద తమ మలం చుక్క వేస్తారు, పాత మడి నుంచి బూజు పీచు పీకి తెచ్చి నాటుతారు. ఈ బూజు పుట్టగొడుగుల జాతిదే. దాని పోగుల కొసల్లో ఉబ్బే గుండ్లే పుట్టలోని పిల్లలకు అన్నం. అందరికంటే చిన్నవాళ్లు ఆ మడుల్లో దూరి, పరాయి బూజు మొలిస్తే పీకి పారేస్తుంటారు.

మరి కలుపు తీయాల్సిన మనిషి ఊరేగింపులో ఎందుకుంది?

ఈగ వల్ల. అది దోమకంటే చిన్నదే, కానీ బుద్ధి మంచిది కాదు. బారు వెంట ఎగురుతూ ఆకు మీద వాలుతుంది. మోసే చీమ తల దగ్గర ఒంట్లోకి గుడ్డు దించాలని చూస్తుంది. గుడ్డు దిగిందా, పురుగు తలలోపలే తింటూ పెరుగుతుంది. మోసే మనిషి మామూలుగా అయితే కరిచి తరిమేది. ఇప్పుడు దవడల నిండా ఆకు. వదిలితే సరుకు పోతుంది, వదలకపోతే తల పోతుంది. అప్పుడు పైనున్నావిడ లేస్తుంది. ముందుకాళ్లు పైకెత్తి, దవడలు బార్లా తెరిచి, ఈగ వచ్చిన వైపల్లా గిర్రున తిరుగుతుంది. ఆకు మీద ఈగ నిలవలేదు.

ఈగ పగటిది, చీమలు రాత్రి కూడా కోతకు పోతాయి. రాత్రి బారులోనూ ఈవిడ ఆకెక్కే ఉంటుంది. ఇక్కడ దొరికిపోయింది అనుకున్నారు చూసినవాళ్లు. తీరా గమనిస్తే ఆకంతా నాకి శుభ్రం చేస్తోంది. తోటను పాడుచేసే పరాయి బూజు గింజలు గుమ్మం దాటకుండా దారిలోనే ఏరేస్తోందన్నమాట. మధ్యమధ్య కోసిన అంచు దగ్గర ఆకురసం పీలుస్తుంది కూడా. అది మాత్రం ఎవరూ కాదనలేరు. పనిమీద వచ్చిన మనిషి కాఫీ తాగితే తప్పేముంది?

మోసేవాళ్లను చూస్తే జాలేసే మాట నిజమే. ఒక దవడ ఆకులో దిగ్గొట్టి, రెండోదాన్ని కత్తిలా లాగుతూ కోసి కోసి అది అరిగిపోతుంది. దవడ అరిగిన ముసలమ్మలు కోత మాని మోతకు దిగుతారు. పుట్ట చెత్త మోసే పని కూడా పెద్దవయసువాళ్లకే పడుతుంది. తోటకు రోగం తెచ్చే చెత్త అది, ఏ రోజు ఎవరు పోతారో తెలియదు కనుక ఎలాగూ పోయేవాళ్లను పంపుతారని శాస్త్రవేత్తల లెక్క. ఇంత కర్కశమైన ఇంట్లో ఊరికే కూర్చునే మనిషికి ఆకు మీద చోటిస్తారా?

ఎప్పుడైనా టీవీలో ఈ చీమల బారు కనిపిస్తే, కింద మోసేవాళ్లను మెచ్చుకోండి, తప్పులేదు. పైనున్నావిడను మాత్రం దిగి నడవమనకండి.