ఒంటి గోడు

ఈ ఇంటికి యజమానినని రుజువు చేసుకోవడానికి నా దగ్గరున్న ఏకైక ఆధారం కరెంటు బిల్లు. రేషన్ కార్డు మీద కుటుంబ పెద్దగా మా ఆవిడ పేరుంది. కనుక ఆ బిల్లు ఇచ్చిన హోదాతోనే ఈ ఫిర్యాదు దాఖలు చేసుకుంటున్నాను.

మా స్నానాలగది అరలో ఒకప్పుడు సబ్బుపెట్టె, కొబ్బరినూనె సీసా, నా షేవింగ్ బ్రష్షు కలిసిమెలిసి ఉండేవి. ఇప్పుడక్కడ క్లెన్సరు, టోనరు, సీరమ్, పగటి క్రీము, రాత్రి క్రీము, మడమలకొకటి, పెదవులకొకటి, కళ్ళ కిందికి మరొకటి. కంటి కింది చర్మమూ బుగ్గ మీది చర్మమూ ఎప్పుడు వేరు కాపురాలు పెట్టాయో నాకెవరూ కబురు చెయ్యలేదు. బ్రష్షు మాత్రం కిటికీ అంచుకు వలస పోయి, ఒకసారి కింది వాటా వాళ్ళ తులసికుండీలో దొరికింది.

అసలు నేరం ఈ ఊరిది. మాది బందరు. అక్కడి సముద్రపు గాలికి డబ్బాలో ఉప్పు నీరు కారేది, వేయించిన అప్పడాలు చూస్తుండగానే మెత్తబడేవి, మనుషుల ఒళ్ళు మాత్రం పైసా ఖర్చు లేకుండా నున్నగా ఉండేది. హైదరాబాదు దక్కను పీఠభూమి మీద, సుమారు 500 మీటర్ల ఎత్తున కూర్చుంది. కార్తీకం వెళ్ళిందంటే ఇక్కడి గాలి ఎవరి ఒంట్లో తడి మిగిలిందా అని వెతుక్కుంటూ తిరుగుతుంది. సంక్రాంతి నాటికి నా కాలి మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది. మా అమ్మాయి చిన్నప్పుడు నా పిక్కల మీదే ముగ్గులు నేర్చుకుంది.

ఈ ఏడు దురద కూడా తోడయ్యేసరికి చర్మవైద్యుడి దగ్గరికి లాక్కెళ్ళారు. ఆయన చెప్పిందిదీ: చర్మం పైపొర ఇటుకగోడలాంటిదట. చచ్చిన కణాలు ఇటుకలు. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన సున్నం. లోపలి నీరు గాలికి పోకుండా కాపలా కాసేది అదే. అరచేతులూ అరికాళ్ళూ మినహాయిస్తే దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదట. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. మరిగే నీళ్ళూ ఆ సబ్బూ ఏకమై గోడలోని సున్నాన్ని ఊడ్చుకుపోతాయి.

అయ్యా, ఇందులో ఉన్న మోసం గమనించండి. నా ఒంట్లో ఊరికే ఊరే కొవ్వును, డబ్బిచ్చి కొన్న సబ్బుతో, డబ్బు కట్టి కాచిన నీళ్ళతో కడిగి కాలవలో కలిపేస్తున్నాను. ఆ సరుకునే సెరమైడ్ అని పేరు పెట్టి, పంపు బిగించిన సీసాలో పోసి మళ్ళీ నాకే అమ్ముతున్నారు. ఇలాంటి లావాదేవీ మా ఊళ్ళో జరిగితే రచ్చబండ దగ్గర పంచాయితీ పెట్టేవారు.

వైద్యుడి తీర్పు ఇంకా దారుణం. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. పది నిమిషాల్లో బయటికి రావాలి. సబ్బు చంకలకీ గజ్జలకీ పాదాలకీ చాలు. తువ్వాలు అద్దుకోవాలి తప్ప రుద్దకూడదు. ఒళ్ళింకా తడిగా ఉండగానే, మూడు నిమిషాల లోపు క్రీము రాసెయ్యాలి. మూడు నిమిషాల్లో నాకు కళ్ళజోడే దొరకదు! పుష్యమాసం పొద్దున్న గోరువెచ్చని నీళ్ళేమిటండీ? గీజరు ఒక్కటే ఈ ఇంట్లో నా మాట వినే వస్తువు. మా ఆవిడ మాత్రం ఆ చీటీని ఫ్రిజ్ తలుపుకి అంటించి, "కరెంటు బిల్లు మీ పేరు మీదే కదండీ, తగ్గితే మీకే లాభం" అంది.

అమ్మ దీనికి ఒప్పుకోలేదు. "ఒరేయ్, నూనె స్నానానికి ముందు రాస్తార్రా, తర్వాత కాదు" అని నువ్వుల నూనె గిన్నె పట్టుకొచ్చింది. అమ్మ నూనెతో నాకు పేచీ లేదు. దాన్ని వదిలించడానికి సున్నిపిండితో తోమే ఆ తోముడుంది చూడండి, దానికి ఇటుకలు కూడా నిలవవు. ఇద్దరిలో ఎవర్నీ నొప్పించలేక ముందు నూనె, తర్వాత క్రీము పూయించుకుంటున్నాను. కుర్చీలోంచి జారిపోతున్నాను.

ఇక అమ్మాయి సీరమ్ సంగతి. అందులో హయలురోనిక్ ఆసిడ్ ఉందట. ఊరుకోక దాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనేవాళ్ళు ఆవు కంటిలోంచి తీశారని పైకి చదివేసరికి, అమ్మ ఆ సీసాను పసుపునీళ్ళు చల్లి మరీ గడప దాటించింది. "ఇప్పుడు సూక్ష్మజీవులతో పులియబెట్టి చేస్తారు నానమ్మా, ఇడ్లీపిండి పులిసినట్టే" అని అమ్మాయి బతిమాలితే లోపలికి రానిచ్చింది గానీ, ఆ వారం ఇడ్లీ ముట్టలేదు.

నా తీర్పు ఎవరూ అడగలేదు గనక నేనే చెబుతాను. తడిని పట్టి ఉంచడానికి మందుల షాపులో చవగ్గా దొరికే గ్లిజరిన్ ఉంది. 1779లో షీలే అనే ఆయన కనిపెట్టిన పాత సరుకే అది. పట్టిన తడి పోకుండా పైన మూత వెయ్యడానికి పెట్రోలియం జెల్లీ ఉంది. 1872లో దానికి పేటెంటు తీసుకున్న చీస్‌బ్రో రోజూ ఓ చెంచాడు తినేవాడట, 96 ఏళ్ళు బతికాడు. తినమని నేననను. అసలే మా ఇంట్లో కూరల పరిస్థితి చూసి కొంతమందికి ఆశ పుట్టవచ్చు.

నీళ్ళు తాగితే చర్మం నిగనిగలాడుతుందని గంటగంటకీ గీతలున్న సీసా ఒకటి నా మెడకి కట్టారు. దాహానికి సరిపడా తాగేవాడు అంతకు మించి ఎన్ని తాగినా అవి ఎటు పోతాయో, రాత్రి రెండింటికి లేచే నా వయసు వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాస్త ఊపిరి పీల్చుకుందామనుకుంటే, "మాఘం దాటనీ నాన్నా, నీకు సన్‌స్క్రీన్ కొంటా" అంటోంది అమ్మాయి. ఎస్‌పీఎఫ్ 30 అయితే సూర్యుడి యూవీబీ కిరణాల్లో నూటికి 97 ఆగుతాయట, 50 అయితే 98. రెండు సీసాల ధరలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ మిగిలిన ఒక్క కిరణం మీద వేరే అర్జీ తయారవుతోంది.