నూటికి పది పాసు!

మన పిల్లలు పాసవ్వాలంటే నూటికి 35 రావాలి. ఊళ్లకు పది చాలు. కేంద్రం 2004లో రాసుకున్న నిర్వచనమది: ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, బడికీ పంచాయతీ ఆఫీసుకూ తీగ లాగి, వందిళ్లలో పదింటికి కరెంటిస్తే ఊరంతా వెలిగినట్టే. మిగతా తొంభై ఇళ్లవాళ్లు చీకట్లోంచి చప్పట్లు కొట్టొచ్చు.

ఆ లెక్కనే 2018 ఏప్రిల్ 28న, మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలో కరెంటు లేని ఊరే లేకుండా పోయింది. మన మన్యం గూడేల మాటేమిటంటారా? రికార్డుల్లో అవి ఊళ్లు కావు లెండి, శివార్లు.

1955 నుంచి మాచ్‌ఖండ్, ఆ తర్వాత సీలేరు... కొండల నీళ్లతో కరెంటు తీసి కిందికి పంపుతూనే ఉన్నాయి. హైటెన్షన్ తీగలు మన్యం మీదుగా పోతాయి గానీ గూడేల్లో ఆగవు. పరవాడ సింహాద్రిలో ఇంకో 2,000 మెగావాట్లున్నాయి, బొగ్గువి.

ఇప్పుడు విశాఖకు గూగుల్ కృత్రిమ మేధ డేటా సెంటరట. గిగావాట్ స్థాయిదట! దానికి లైను వెయ్యడానికి కొండ అడ్డమనీ, అడవి అడ్డమనీ, ఫైలు అటవీ శాఖలో ఉందనీ ఎవరైనా అంటే ఒట్టు.

వచ్చేది కృత్రిమ మేధే కదా, స్విచ్చెయ్యగానే మొదటి ప్రశ్న మనదే: గూడేనికి స్తంభమెప్పుడు పాతుతారు?