పిల్లిగారి హెచ్-ఇండెక్స్

లారీ గణితంలో 12 పరిశోధన పత్రాలు వెలువరించాడు. వాటిని ఇతర పత్రాలు ఉటంకించిన లెక్క, అంటే సైటేషన్లు 132, హెచ్-ఇండెక్స్ 11 (కనీసం 11 పత్రాలకు తలా 11 సైటేషన్లు ఉన్నాయని అర్థం). జీవశాస్త్రంలోలాగా గణితంలో సైటేషన్లు వరదలా పారవు కాబట్టి 11 అంటే తీసిపారేసే అంకె కాదు. కాకపోతే లారీ ఒక పిల్లి.

సైటేషన్లు అమ్ముకునే దుకాణాల గుట్టు తేల్చుదామని 2024లో ఇద్దరు పరిశోధకులు చేసిన పని ఇది. అర్థంపర్థం లేని 12 పత్రాలను లారీ పేరిట కంప్యూటర్ చేత రాయించారు. ఇంకొన్ని దొంగ పత్రాలు పుట్టించి, ఒక్కోదానిలో ఆ పన్నెండింటినీ ఉటంకించారు. ఇంటర్నెట్‌లో పెట్టారు. ఈసారి కళ్లు మూసుకున్నది పిల్లి కాదు, సైటేషన్లు లెక్కగట్టే గూగుల్ స్కాలర్! గుట్టు రట్టయ్యాక ఆ సైటేషన్లు చడీచప్పుడు లేకుండా మాయమయ్యాయి.

అంతకుముందు అత్యధిక సైటేషన్ల పిల్లి అనే కిరీటం ఎఫ్.డి.సి. విల్లార్డ్‌ది. 1975లో మిషిగన్ భౌతిక శాస్త్రవేత్త జాక్ హెథరింగ్టన్ పత్రమంతా ‘మేము’ అని రాశాడు. ఒక్కడివే రాసి ‘మేము’ అంటే పత్రిక ఒప్పుకోదని మిత్రుడు హెచ్చరించాడు. మళ్లీ టైపు కొట్టే ఓపిక లేక ఇంట్లో సియామీ పిల్లిని విల్లార్డ్ పేరుతో సహరచయితగా చేర్చేశాడు. పాపం, అందులో సైన్స్ మాత్రం అసలుదే.

మన యూనివర్సిటీల్లో ప్రమోషన్ ఫైలు చంకన పెట్టుకుని తిరిగేవారు లారీ బయోడేటా ఓసారి చూడాలి. అతగాడికి పీహెచ్‌డీ ఒక్కటే తక్కువ. ఇటు పంపిస్తే గైడు దొరక్కపోడు.